గాజు కాలువలో అల

మా అమ్మ పుట్టింది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున. పెళ్లయ్యాక సముద్రం జాడే లేని బిలాస్‌పూర్‌కి, రైల్వే క్వార్టర్‌కి వచ్చేసింది. నేను ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా, కాలేజీ ల్యాబులో అలలు పుట్టిస్తున్నామని ఒకరోజు చెప్పాను. అమ్మ కూర తరగడం ఆపేసింది.

"బిలాస్‌పూర్లో అలలేటే?"

తొంభైల మొదట్లో సంగతి. సముద్రపు అలల నుంచి కరెంటు తీయాలని మా ప్రొఫెసరుకి పిచ్చి పట్టుకుంది. ల్యాబులో నీటి ప్రవాహం కొలిచే పొడవాటి గాజు కాలువ ఉండేది. దాని రెండు చివరలూ మూయించి, ఒక చివర మోటారుతో ముందుకీ వెనక్కీ ఊగే పలకను బిగించాం. పలక నెట్టినప్పుడల్లా ఒక అల బయల్దేరేది. మధ్యలో తేలే డబ్బా లేచి పడుతూ తాడుతో చిన్న చక్రాన్ని తిప్పాలి. ఏ అలకి డబ్బా ఎంత లేస్తుందో రాసుకోవడం నా పని.

మొదటి నాలుగైదు అలలు బాగానే వచ్చేవి. తర్వాత నీళ్లన్నీ కలగాపులగం. ఒకే కొలత రెండుసార్లు వచ్చేది కాదు. తప్పు మోటారుదేమోనని ఊరి పక్కనే ఉన్న సిర్గిట్టిలో ఒక వర్క్‌షాపుకి పట్టుకెళ్లి ఇరుసు మార్పించాం. అయినా అంతే.

ప్రొఫెసరుని అడిగి ఒక శనివారం మధ్యాహ్నం అమ్మను తీసుకెళ్లాను. గాజుకి ముఖం ఆనించి చాలాసేపు చూసింది.

"ఒడ్డేదే?"

"ఒడ్డెందుకమ్మా?"

"అల గోడకి కొట్టీసుకుని ఎనక్కొచ్చెస్తంది చూడు. ఎల్లేదీ వచ్చేదీ గుద్దుకుంతన్నాయి. మా ఊర్లో అయితే ఇసక మీదకి పాకి అక్కడే సచ్చిపోద్ది."

అమ్మ మాటలు హిందీలోకి మార్చి చెప్పాను. ప్రొఫెసరు తల పట్టుకున్నాడు. చదివిన విషయమేనట, చిన్నదని వదిలేశాడట.

కాలువ చివర ఏటవాలుగా చెక్క పెట్టి దాని మీద కంకర పోశాం. అల దాని మీదికి ఎక్కి అణిగిపోయింది. కొలతలు నిలకడగా వచ్చాయి. చక్రానికి తగిలించిన డైనమోతో టార్చి బల్బు మిణుకుమంది.

ప్రొఫెసరు అమ్మను మళ్లీ పిలిపించాడు. బల్బు చూసి మురిసిపోయిన అమ్మ, కాసేపటికి, "ఇంతకీ తుపానొస్తే ఈ డబ్బా ఏటౌద్ది?" అంది.

అదీ హిందీలో చెప్పగానే, "అచ్ఛా సవాల్ హై, మాతాజీ," మంచి ప్రశ్నేనంటూ ఆయన మోటారు వేగం పెంచాడు. మూడో అలకే డబ్బా బోల్తాపడి, తాడు తెంపుకుని గాజుకి కొట్టుకుంది. ముగ్గురం తడిసిపోయాం.

మిగిలిన నెలలన్నీ ఆ ప్రశ్నకే పోయాయి. డబ్బా అడుగున బరువు పెట్టాం, తాడు పొడుగు చేశాం. చివరికి డబ్బా పెద్ద అలకీ నిలబడింది. కానీ అది లేచి పడడం తగ్గి, బల్బు మునుపటికంటే మసకగా వెలిగేది. రెండూ రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. ఇంట్లో చదివి వినిపిస్తుంటే అమ్మ మధ్యలో ఆపింది.

"మీ తుపాను అల ఎంతెత్తు?"

"జానెడు."

"జానెడా! దానికేనేటే మీ మాస్టారు ఇన్ని నెలలు కంగారు పడిపోయారు?"