ముడిమ్యాలకు వచ్చిన డాక్టరు సారు

నిన్న పొద్దున చిన్నాయన ఫోన్ చేశాడు. "మీ బాపును చూసిన డాక్టర్ సారు పోయిండట బిడ్డా. మొయినాబాద్‌ల వాళ్ల ఇంట్లనే" అని పెట్టేశాడు.

మాది చేవెళ్ల దగ్గర ముడిమ్యాల అనే ఊరు. బాపు పట్నంలో ఐటీ కంపెనీకి కారు నడిపేవాడు. కాలి దెబ్బ చీము పట్టి విషం ఒళ్లంతా పాకితే, చేవెళ్ల దవాఖాన నుంచి పట్నం పంపారు. అక్కడి ఐసీయూలో చూసింది ఈ సారే. స్పృహ లేని బాపును రోజూ పేరు పెట్టి పలకరించేవారు. "వింటున్నడేమో, మనకేం ఎరుక?" అనేవారు. బాపు పాదాలు ముట్టుకునే ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవారు.

రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోటీను ఒకటి మన ఒంట్లోనే ఉంటుందట. ఇట్లా విషం ఒళ్లంతా పాకితే అది తరిగిపోతుందట. దాన్ని బయటినుంచి ఎక్కించే మందు అప్పుడే కొత్తగా వచ్చింది.

"పని చేయొచ్చు. లోపల రక్తం కారే ప్రమాదం కూడా ఉన్నది. ఆలోచించుకోండ్రి" అన్నారు సారు.

అమ్మ సరేనంది. చిన్నాయన భయపడ్డాడు. "రక్తం కారితె ఎట్ల వదినా? రేపటిదాక చూద్దాం" అన్నాడు. మర్నాడు తనే ఒప్పుకుని సంతకం పెట్టాడు. మందు ఎక్కించిన మూడో రోజు బాపు పోయాడు.

"ఒక్క దినం ముందు ఇస్తే బతుకుతుండె. నువ్వే ఆపినవ్" అంది అమ్మ, ఆసుపత్రి వరండాలో అందరి ముందు. పక్కిల్లే అయినా ఆ తర్వాత చిన్నాయన మా గడప తొక్కలేదు. నా పెళ్లికి పందిరి గుంజలు పాతి, అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

కొన్నేళ్ల తర్వాత నేను పుట్టింటికి వచ్చిన ఒక ఆదివారం, సారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మంచం వాల్చాం.

"ఆ మందును కంపెనీ వాపస్ తీసుకున్నదమ్మా" అన్నారు నెమ్మదిగా. "మళ్ల పరీక్షించి చూస్తే, ఇచ్చినోళ్లకూ ఇయ్యనోళ్లకూ తేడా కనబడలేదట. ఆనాడు మీరు మరిదిని అన్న మాట నేను విన్న. అందుకే వచ్చిన."

"ఒక్క దినం ముందు ఇచ్చినా...?"

"బతుకుతుండె అని నేను చెప్పలేను. మీకు ఆశ పెట్టింది నేను. ఆయన తప్పు లేదు."

అమ్మ చాలాసేపు ఏడ్చింది. బాపు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. కోపగించుకోవడానికి ఇక ఎవరూ మిగలలేదు ఆమెకు. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని, "చిన్నాయనను పిలువు" అంది నాతో.

తానిచ్చిన మందు పనికిరానిదని చెప్పడానికి అంత దూరం వచ్చిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

చిన్నాయన పొలం నుంచి మట్టికాళ్లతోనే వచ్చి గడప బయట ఆగిపోయాడు. సారు మంచం మీద కొంచెం పక్కకు జరిగి, ఖాళీ అయిన చోట అరచేత్తో దుప్పటి సర్దారు.