బాపు గడియారం అసలుదేనా? ఆత్మకూర్ నుంచి కల్వకుర్తి దాకా ఒక శనివారం

ఆత్మకూర్‌కు కృష్ణ ఒడ్డు చూడటానికి పోతారు, జూరాల దగ్గర చేపలు తినటానికి పోతారు. గడియారం చూడటానికి పోయిన మనిషిని మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా నాయిన నల్లగొండలో గడియారాల మిస్త్రీ. ఆయన బల్ల పక్కన కూచుని పెరిగినదాన్ని కాబట్టి ఎక్కాలకంటే ముందు స్ప్రింగులు పరిచయమయ్యాయి. పొట్టకూటికి హైదరాబాద్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్తాను. సెలవు దొరికితే పాత గడియారాల వెంట తిరిగి, తిరిగిన ఊళ్ల సంగతులు ఇక్కడ రాస్తాను. ఆ రాతలను ఆత్మకూర్‌లో ఒకామె తన బిడ్డ చేత ఫోన్‌లో చదివించుకుని, పోయిన నెల నాకు ఫోన్ చేసింది. పేరు భాగ్యమ్మ. మగ్గం నేస్తుంది.

"మేడం, మా బాపు గడియారం ఒకటున్నది. అది అసలుదా నకలుదా చూసి చెప్పాలె. ధర నాకక్కర లేదు. అమ్మేది లేదు" అంది. మరెందుకమ్మా అని అడిగితే ఒక్క గుక్కలో చెప్పేసింది. బాపు పోయినప్పుడు గడియారం బిడ్డకియ్యాలని చెప్పి పోయాడు. ఆ సందట్లో దాని అద్దం పగిలింది. కల్వకుర్తిలో ఉండే అన్న రాజయ్య అద్దం వేయించుకొస్తానని తీసుకుపోయాడు. నెలకు తెచ్చిచ్చాడు. తెచ్చిన గడియారం ముఖమే వేరుగా ఉంది. అసలుది అమ్ముకుని నకిలీది తెచ్చాడని నలుగురిలో దొంగ అనేసింది. తెలంగాణ వచ్చిన ఏడాది జరిగిన ముచ్చట ఇది. అప్పటినుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. "మొన్న మా మేనత్త చావు కాడ ఎదురువడ్డడు. నా దిక్కు సూటిగ చూసిండు మేడం. దొంగైతే ముఖం తిప్పుకోడా? గప్పటిసంది నిద్ర వడ్తలేదు. మా అన్న దొంగనా కాదా, గది చెప్పుండ్రి."

రెండు గుండీలు, ముఖం మీద రెండు చిన్న వలయాలు, యాభై ఏళ్లు దాటిన స్విస్ గడియారం అని ఆమె వర్ణిస్తుంటేనే నాకు నోరూరింది. దాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. టైం చూపిస్తూనే, గుండీ నొక్కితే స్టాప్‌వాచ్‌లాగా నిమిషాలు కొలుస్తుంది. మన దిక్కు అసలువి చాలా అరుదు, నకిలీలు గంపలకొద్దీ. ఆమె గోడు విని పోయానని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజం చెప్తే సగం ఆమె కోసం, సగం గడియారం కోసం పోయాను.

రెండో శనివారం పొద్దున అయిదున్నరకు ఎంజీబీఎస్ బస్టాండులో బెంగళూరు రోడ్డు మీద పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే నాకు జీరో టికెట్. పక్క సీటాయన కొత్తకోటకు రెండు వందల ముప్పై ఇచ్చి, నా టికెట్ దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడు. తొమ్మిదికి పది నిమిషాలుండగా కొత్తకోటలో దిగాను. బస్టాండు దగ్గర బండి మీద మరమరాల ఉగ్గాని వేడిగా దొరుకుతుంది, ప్లేటు నలభై. మిర్చి బజ్జీ వద్దన్నందుకు బండామె నన్ను నిలబెట్టి అడిగింది. "బజ్జీ నంజుకోకుంట ఉగ్గాని తింటవా? గదేం తినుడు?" రెండు బజ్జీలు వేయించుకుని తింటే గానీ వదలలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఆమెదే న్యాయం.

ఆత్మకూర్‌కు బస్సులున్నాయి. నాకు ఓపిక తక్కువ, షేర్ ఆటో ఎక్కాను. యాభై రూపాయలు, ముప్పావు గంట. రోడ్డు పక్కన వరి, కాలువ నీళ్లు. మధ్యలో గొర్రెల మంద అడ్డం వచ్చి పది నిమిషాలు ఆగాం. ఎందుకొచ్చావక్కా అని డ్రైవర్ అడిగితే గడియారం చూడటానికని చెప్పాను. "గడియారం చూడనీకి హైదరాబాద్ నుంచి వచ్చినవా? ఫోన్ల టైం కనబడ్తలేదా అక్కా?" అని ఆటోలో అందరూ నవ్వేదాకా వదిలిపెట్టలేదు. నేనూ నవ్వాను.

భాగ్యమ్మ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో సగం మగ్గమే. యాభై దాటిన మనిషి, మాట గట్టిది, చేతులు అంతకంటే గట్టివి. నీళ్లిచ్చి, చాప వేసి, బియ్యం డబ్బాలోంచి గుడ్డ మూట తీసింది. విప్పుతూ బాపు సంగతి చెప్పింది. ఆయన వయసులో ఉండగా షోలాపూర్ మిల్లులో రంగుల పనికి పోయాడట. అక్కడి పెద్ద మేస్త్రీ, ఊరికి తిరిగొచ్చేటప్పుడు ఈ గడియారం చేతికి కట్టి పంపాడట. ఊళ్లోనూ ఆయనది రంగుల పనే. చిలప, అంటే నూలు కట్ట, రంగు గంగాళంలో ఎన్ని నిమిషాలుండాలో అన్ని నిమిషాలే ఉండాలి. ఎక్కువైతే నల్లబడుతుంది, తక్కువైతే మొదటి ఉతుక్కే పోతుంది. "చిలప ముంచుడు, గుండీ ఒత్తుడు. తీసుడు, ఒత్తుడు. నా చిన్నప్పటి నుంచి గదే చూసిన. ముఖం గోధుమ రొట్టె తీరుండె మేడం. గీ తెల్ల ముఖం మా బాపుది కాదు."

భూతద్దం కంటికి పెట్టుకుని చూశాను. తెల్లటి డయల్, నిగనిగలాడే నల్ల గీతలు. సెకన్ల గీతలు లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. ముప్పై అయిదుకీ నలభైకీ మధ్య నాలుగు గీతలుండాలి, మూడే ఉన్నాయి. ఏ స్విస్ కంపెనీ ఆ తప్పు చేయదు. తెలివి ముందు, నోరు వెనక ఉండాలని మా నాయిన ఎన్నిసార్లు చెప్పాడో. నాది ఎప్పుడూ తలకిందులే. "ఈ డయల్ కంపెనీది కాదు" అనేశాను.

"నేనన్న కద!" అంది భాగ్యమ్మ. గెలిచిన గొంతు కాదు అది. చాప మీద చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనన్న కద మేడం. నా తోడబుట్టినోడే ఇట్ల చేసిండు." అన్న దొంగ అని తేలితే మనసు కుదుటపడుతుందని ఇన్నేళ్లు అనుకుంది కాబోలు. తేలాక ఆమె ముఖం చూడలేకపోయాను. నా మీద నాకే కోపమొచ్చింది. డయల్ ఒక్కటే గడియారం కాదు. పైరంగు చూసి తీర్పు చెప్పడానికైతే ఇంత దూరం రావడమెందుకు? "ఆగక్కా, ఇంకా లోపల చూడలేదు" అన్నాను.

వెనక మూత తిప్పి తీశాను. మూతలోపల కంపెనీ ముద్ర ఉంది, మిషన్ మీదా అదే ముద్ర ఉంది. పళ్ల చక్రాలు, వంతెనల్లాంటి పలకలు, అన్నీ ఆ కాలానివే. బొంబాయిలో చేసే నకిలీల్లో ఈ పనితనం కనిపించదు. కానీ ఇది అసలు స్విస్ అని మాత్రమే అది చెబుతుంది. బాపుదని చెప్పదు. అప్పుడు ఒక పలక అంచున, గట్టిపడిన పాత నూనెలో, ఏదో పీచు కనిపించింది. పట్టకారుతో తీసి తెల్ల కాగితం మీద పెట్టాను. నూలు పీచు. నీలం రంగు.

తర్వాత పై గుండీ గడియారంలోకి దూరే సందులో, దాని మెడ చుట్టూ చీపురు పుల్ల మొనతో గీకాను. నల్లగా గడ్డకట్టిన మురికి రాలింది. తడి దూదితో రుద్దితే దూది నీలమైంది. కింది గుండీ దగ్గరా అంతే. బయట ఎంత మెరుగుపెట్టినా ఆ సందులోకి ఎవరి చెయ్యీ పోదు. ఏళ్ల తరబడి తడి రంగు చేతులతో ఒత్తితేనే అక్కడికి రంగు చేరుతుంది. దూది భాగ్యమ్మ చేతిలో పెట్టాను. ఆమె వెలుతురులోకి తీసుకుపోయి చూసింది, వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది.

"బాపు నీలమే" అంది. "మా గంగాళం నీలమే గిది." తర్వాత మగ్గం కట్టె పట్టుకుని ఏడ్చింది. పన్నెండేళ్లు దొంగ అంటినే, పన్నెండేళ్లు పండుగకు పిలువకపోతినే, వదినమ్మ దవాఖానల ఉంటే చూడబోకపోతినే అని ఒక్కొక్కటి చెప్పుకుంటూ ఏడ్చింది. నేను మూత బిగించి కీ ఇచ్చాను. గడియారం నడిచింది.

డయల్‌కు రంగు వేశారు కాబట్టి సేకరించేవాళ్లు సగం ధర కూడా ఇవ్వరని చెప్పాను. ఆమె వినలేదు. "మేడం, కల్వకుర్తి దిక్కు పోయి హైదరాబాద్ పోవచ్చు కద? నన్ను అన్న ఇంటిదాంక తోలుకపోతరా? ఒక్కదాన్నే పోతే గడప కాడికెళ్లి తిరిగొస్త" అంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని ఒంటిగంటకు బయలుదేరాం. నేరుగా పోయే బస్సు మాకు దొరకలేదు. కొత్తకోట, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో మారుతూ పోయాం. ఇద్దరికీ కలిపి ఎనిమిది జీరో టికెట్లు. వనపర్తి బస్టాండులో అరగంట కాచుకున్నాం. దారంతా ఆమె ఏం మాట్లాడాలో లోలోపల చెప్పుకుంటూనే ఉంది, పెదాలు కదులుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూశాను. కల్వకుర్తిలో దిగేసరికి అయిదున్నర.

రాజయ్య బట్టల దుకాణంలో పనిచేస్తాడు, అప్పుడే ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. అరవైకి దగ్గరి మనిషి. చెల్లెల్ని చూసి చెంబు కింద పెట్టాడు. "రా" అని ఒక్కమాటే అన్నాడు. నాకు కుర్చీ వేశాడు. భాగ్యమ్మ కూచోలేదు, గుమ్మంలోనే నిలబడి, దారంతా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, "అన్నా, గడియారం బాపుదే. మేడం ఇప్పి చూపించింది. నువ్వు మార్చలే" అంది.

"నేను మార్చలేదని నాకెరుకనే" అన్నాడు రాజయ్య.

నేను ఉండబట్టలేక డయల్ ఎందుకు మారిందని అడిగాను. ఆయన నా దిక్కు కాకుండా చెల్లెలి దిక్కు చూసి చెప్పాడు. "అద్దం ఏసే మిస్త్రీ ముఖం మాసిపోయిందన్నడు, రంగేస్తే కొత్తగైతదన్నడు. మేం రంగులోళ్లం. మాసిన దానికి రంగేసుడే కద మా బతుకు. బాపు పోయినంక చెల్లెకు ఇస్తున్న మొదటి సామాను, మాసినదిస్తే బాగుండదని ఎయ్యమన్న. నువ్వు చూసి సంబురపడ్తవనుకున్న. చెప్పనిస్తివా?"

భాగ్యమ్మ ముందుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. "తప్పయింది అన్నా." రాజయ్య లేపలేదు. కోపంగా కూడా లేడు. నెమ్మదిగా అడిగాడు. "ఒక్క మాట చెప్పు. గా మిస్త్రీ నాకు తెల్వకుంట గడియారమే మార్చి ఉంటే? గీ మేడం నకిలీ అని తేలిస్తే? ఇయ్యాల నా గడప తొక్కేదానివా?"

పొద్దున రెండు నిమిషాలపాటు నా మాటతో ఈ మనిషి దొంగ అయ్యాడు. ఆ పీచు నూనెలో అంటుకోకపోయి ఉంటే అట్లాగే మిగిలిపోయేవాడు. తొక్కేదాన్నని ఆమె అంటుందనుకున్నాను, ఎవరైనా అదే అంటారు. భాగ్యమ్మ తలెత్తి ఆయన దిక్కు చూసింది.

"తొక్కకపోదును అన్నా" అంది. "నీ కాడ అబద్ధమెందుకు?"

రాజయ్య అప్పుడు వంగి ఆమె భుజం పట్టుకుని లేపాడు. "గంత నిజం చెప్పినవ్ కద. ఇయ్యాల ఉండి పో" అని లోపలికి, "నీ ఆడబిడ్డ వచ్చింది, ఇంకింత బియ్యం పొయ్" అని కేకేశాడు. నన్నూ ఉండమన్నారు, నేను ఉండలేదు. ఆరూ ముప్పావు బస్సుకు ఒక్కదాన్నే ఎక్కాను. గడియారం మాట ఎవరూ ఎత్తలేదు, అది ఆత్మకూర్ ఇంట్లో చాప మీద మూటలోనే ఉండిపోయింది.

ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఇన్నేళ్లలో ఎన్నో గడియారాలు విప్పాను, అసలుదో నకిలీదో చెప్పి నా పని అయిపోయిందనుకున్నాను. రాజయ్య అడిగిన ప్రశ్నకు మాత్రం నా సంచిలో పనిముట్టు లేదు. ఆయన నిజాయితీ యాభై ఏళ్ల నాటి నూలు పీచు మీద ఆధారపడి లేదు, పీచు దొరికినా దొరకకపోయినా ఆయన అదే మనిషి. ఆ సంగతి భాగ్యమ్మకు పన్నెండేళ్లు తెలియలేదు, నాకు ఆ రోజు సాయంత్రం దాకా తెలియలేదు. ఒక చిట్కా చెప్పి ముగిస్తాను. ఇంట్లో పాత గడియారం ఉంటే, రిపేరుకు ఇచ్చే ముందు వెనక మూత తీయించి లోపలి ముద్రలకూ, మిషన్‌కూ ఫోటోలు తీసుకోండి, డయల్‌కు రంగు వేయొద్దని రసీదు మీద రాయించండి. ఎవరితో పంపిస్తున్నారో వాళ్లకూ ఆ ఫోటోలు పంపండి. ఇదంతా మిస్త్రీల మీద ఒక కన్నేసి ఉంచడానికే సుమా. తోడబుట్టినవాడి సంగతి తేల్చుకోవాలంటే బస్సెక్కి వాళ్లింటికే పోవాలి.