అమావాస్యకు తప్పే తాళం

మెట్రోనోమ్ కొనమని చెప్పింది మా వయొలిన్ గురువుగారు. చెప్పి ఆయన చల్లగా ఉన్నారు. పడరాని పాట్లు పడింది నేను.

తొంభైల చివర, నా డిగ్రీ అయిపోయిన ఏడు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని మా ఇల్లు. నాయన ఆ ఫ్యాక్టరీలోనే సూపర్‌వైజరు. గురువుగారిది గుత్తి. ప్రతి ఆదివారం వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లొచ్చేదాన్ని. ఒక ఆదివారం నేను రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, వాయిస్తుంటే, తాళం వేస్తున్న ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"యాడికి పాపా ఆ పరుగు? నిన్నెవరన్నా తరుముకుంటా వస్తాండారా? మెట్రోనోమ్ ఒకటి కొనుక్కో. టిక్కు టిక్కుమని కొడతాంటాది. దాని ఎంబడి వాయించు" అన్నారు.

ఆ ఏడాది సంగీతం సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టి ఉన్నాను. పాసైతే బడిలో సంగీతం టీచరుగా చేరడానికి దారి దొరుకుతుంది. తప్పితే వయొలిన్ అటకెక్కించి టైపు నేర్చుకోవాలని నాయన ముందే తేల్చేశాడు. అందుకని మెట్రోనోమ్ అనగానే నేను నిలబడిన చోట నిలబడలేదు. అనంతపురం పోదామని నాయన ప్రాణం తీశాను.

అనంతపురంలో హార్మోనియంలు, డోలక్కులు బాగుచేసే ఇరుకు దుకాణం ఒకటి. దుకాణదారు మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. గోపురం ఆకారంలో ఉన్న చెక్క పెట్టె ఒకటి, కీ ఇస్తే లోపలి పుల్ల అటూ ఇటూ ఊగుతుంది. అరచేతిలో ఇమిడే బ్యాటరీది ఒకటి. మూడోది రేకు డబ్బా. ఎవరో ఇంట్లో కూర్చుని తయారు చేసినట్టుంది. ప్లగ్గు పెట్టి, ముందున్న గుండ్రటి మర తిప్పితే వేగం పెరుగుతుంది, తగ్గుతుంది.

"చెక్కది తీసుకోండన్నా, జిందగీ మొత్తం కొడతాది" అన్నాడు దుకాణదారు.

"గోడ గడియారానికే కీ ఇయ్యడం మర్చిపోతాం, దీనికెవరిస్తారప్పా? బ్యాటరీది తింటానే ఉంటాది, మేపలేం. మాకు కరెంటుకు కొదవలే" అన్నాడు నాయన.

కరెంటు మాట నిజమే. మా ఇంటికి ఫ్యాక్టరీ లైను నుంచే వైరు లాగారు. ఊరంతా చీకట్లో ఉన్నా మా బల్బు వెలిగేది, కాస్త ఎర్రగా అయినా సరే. నాయన ఆ రేకు డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. బండలో పగులుందేమో చూడ్డానికి వేలు మడిచి కొట్టి వింటాడే, దాన్నీ అలాగే కొట్టి విన్నాడు. "బాగుండాది" అన్నాడు. ఏం విని బాగుందన్నాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నేను బ్యాటరీదాని వంక చూశాను. నాయన నా వంక చూశాడు. ఇంటికి రేకు డబ్బానే వచ్చింది.

గోడ గడియారం ముల్లుతో సరిచూసుకుని, గురువుగారు చెప్పిన వేగం దగ్గర మర మీద అమ్మ స్టిక్కర్ బొట్టొకటి అంటించాను. తెల్లారకముందొకసారి, సాయంత్రమొకసారి దాని ముందు కూర్చునేదాన్ని. గోడవతల పాలిష్ మిషన్లు రాత్రీ పగలూ గర్రుమంటూనే ఉండేవి. కొన్నాళ్లకు నా పరుగు తగ్గింది. గురువుగారు కూడా పెదవి విరవడం మానేశారు. ఇక గండం గడిచిందనుకున్నాను.

అంతలో ఒకరోజు డబ్బాను నేను అందుకోలేకపోయాను. అది ముందు, నేను వెనక. బొట్టున్న చోటే మర ఉంది. వేళ్లు అవే, పాఠం అదే. ఎన్నిసార్లు మొదలుపెట్టినా తాళం ఒక చుట్టు తిరిగి రెండో ఆవర్తానికి వచ్చేసరికి అది నన్ను దాటిపోతోంది. మర్నాడు మళ్లీ మామూలే. నెల తిరిగాక ఇంకోసారి అదే వరస. మూడోసారి వంటింట్లోంచి అమ్మ వచ్చి, క్యాలెండర్ వైపు చూసి, నోటి మీద చెయ్యేసుకుంది.

"అమావాస్య! పోయిన తూరీ అమావాస్యే. ఆ ముందూ అంతే. నీకు అమావాస్య పడటం లేదు పాపా."

ఇక అక్కడి నుంచి నా మీద జరగని ప్రయోగం లేదు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. వయొలిన్ పెట్టెకు నిమ్మకాయ కట్టారు. ఒక ఆదివారం బస్సులో అది కారి పెట్టె అంతా జిగటైంది. పక్కింటావిడ నన్ను చూసినప్పుడల్లా "తగ్గిందా?" అని అడిగేది, నాకేదో రోగం వచ్చినట్టు. నాయన అడ్డం చెప్తాడనుకున్నాను. ఆయనేం చెప్తాడు? మా ఊరి పాలిష్ ఫ్యాక్టరీలకు ఆదివారం సెలవుండదు, అమావాస్యే సెలవు. ఆ రోజు మిషన్లు ఆపి, కడిగి, బొట్లు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టేది నాయనే.

నాకు ఒళ్లు మండేది. డిగ్రీ చదివినదాన్ని, ఇవన్నీ నమ్మనని అరిచేదాన్ని. కానీ అమావాస్య దగ్గరపడుతుంటే ముందు రోజు నుంచే వేళ్లు బిగుసుకునేవి. నా చేతిలో అసలు లయే లేదేమో, మిగతా రోజులన్నీ ఏదో అదృష్టం కొద్దీ నెట్టుకొస్తున్నానేమో అనిపించేది.

ఆ టైములో హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష కర్నూలులో, సరిగ్గా అమావాస్య నాడు.

"పోవద్దు" అంది అమ్మ.

"వచ్చే ఏడు రాద్దువులే పాపా" అన్నాడు నాయన. వచ్చే ఏడు అంటే టైపు క్లాసని ఇద్దరికీ తెలుసు. ఆ పూట అన్నం తినకుండా పడుకున్నాను. ఎవరూ బతిమాలకపోయేసరికి ఇంకా కోపం వచ్చింది.

పరీక్షకు ఇంకా కొన్ని రోజులున్నాయనగా, కరెంటు ఛార్జీలు పెంచారని ఊళ్లో ఫ్యాక్టరీలన్నీ బంద్ పెట్టాయి. గోడవతల చప్పుడు లేదు. మొండిగా వయొలిన్ తీసి డబ్బా పెట్టాను. అది పరుగందుకుంది. క్యాలెండర్ దగ్గరికి పరిగెత్తాను. షష్ఠి. అమావాస్య ఎక్కడో ఉంది. తిరిగి చూస్తే నడింట్లో బల్బు తెల్లగా, కళ్లు చెదిరేలా వెలుగుతోంది. ఆ బల్బు అలా వెలగడం నేను అమావాస్యల్లోనే చూశాను. డబ్బా తెచ్చి గోడ గడియారం కింద పెట్టాను. గడియారం కంటే అది ముందు కొడుతోంది.

మిషన్లు తిరిగితే కరెంటు తగ్గి డబ్బా నిదానిస్తుంది. మిషన్లు ఆగితే కరెంటు నిండుగా వచ్చి డబ్బా పరిగెత్తుతుంది. ఇంతే సంగతి. ఇంతదానికి నా నెత్తి చుట్టూ బస్తాడు మిరపకాయలు తిప్పారు.

నాయనకు చెప్తే నవ్వాడు. "డబ్బాకేం పని పాపా అబద్ధం చెప్పేకి?"

బంద్ విరమించిన సాయంత్రం ఆయన్ను చెయ్యి పట్టుకుని గడపలో నిలబెట్టాను. డబ్బా కొడుతోంది. వయొలిన్ ముట్టుకోలేదు. గోడవతల ఒక మిషన్ అందుకుంది, తర్వాత ఇంకోటి. బల్బు ఎర్రబడింది. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం సాగింది. నాయన మొహంలో నవ్వు పోయింది. చెప్పులేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు.

అమ్మ దగ్గర మాత్రం ఈ సైన్సేదీ పారలేదు. "మిషన్లు ఎందుకు ఆపుతారు? అమావాస్య అని. అంటే అమావాస్య వల్లే గదా?" అంది.

అయినా పరీక్షకు వెళ్లాను. అమ్మ దిష్టి తీసి మరీ పంపింది. నాయన గుమ్మడికాయ పని వేరే ఎవరికో అప్పగించి నాతో బస్సెక్కాడు. పరీక్ష గదిలో కూర్చుని విల్లు పట్టుకోగానే నా చెవులు టిక్కు కోసం వెతికాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక ఆవర్తం వాయించి ఆగిపోయాను. పరీక్షకురాలు పెద్దావిడ. తల ఎత్తకుండానే "మళ్లీ మొదలుపెట్టమ్మా, తొందరేం లేదు" అంది. మళ్లీ మొదలుపెట్టాను. అంతా అయ్యాక కళ్లజోడు తీసి, "లయ బాగా నిలిచింది" అంది. నాతోనే అంటోందా అని వెనక్కి తిరిగి చూశాను.

బయట నాయనకు ఆ మాట చెప్పాను. తలూపాడు. తిరుగు బస్సు గుత్తి దాటింది. నాయన ముందు సీటు కడ్డీ పట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"దుడ్లు పెట్టి కొన్న డబ్బాను నమ్మినా. కడుపున పుట్టిన దాన్ని నమ్మలేదు చూడు."

నెలల తరబడి దాచుకున్న కోపమంతా ఆయన మీద కుమ్మరించాలని నోరు తెరిచాను. "నువ్వొక్కడివే కాదులే నాయనా, నేనూ నమ్మలేదు" అన్న మాట వచ్చింది. కిటికీ వైపు తిరిగి, తాడిపత్రి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.