పొగ రాని ట్యాంకు

భూపాలపల్లి క్వార్టర్లలో దస్తగిరిని ఎరగని ఇల్లు లేదు. మిక్సీ మొరాయించినా, టేబుల్ ఫ్యాను మెడ తిప్పనన్నా అతన్నే పిలిచేవారు. బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్. మనిషి మెతక, పని గట్టి. దస్తగిరి బిగించిన మరను విప్పాలంటే మళ్లీ దస్తగిరే రావాలని తోటివాళ్లు నవ్వేవారు. అలాంటి మనిషి, సకల జనుల సమ్మె మొదలయ్యాక, తాను సమ్మెలో ఉన్నాడో లేడో తేల్చుకోలేక సతమతమయ్యాడు.

బాయిలో బొగ్గు తీయడం ఆగింది. కానీ బొగ్గు ఆగిందని నీళ్లు ఊరడం ఆగదు. పైనుంచి గాలి తోలే ఫ్యాను ఆగితే లోపల గ్యాసు పేరుకుంటుంది. అందుకని పంపులూ ఫ్యానూ చూసే కొద్దిమంది డ్యూటీ చేయాలని యూనియన్లే కూర్చుని ఒప్పుకున్నాయి. ఆ కొద్దిమందిలో దస్తగిరి పేరు పడింది. పొద్దున అందరితోపాటు రోడ్డు పక్క టెంటులో కూర్చుని జై తెలంగాణ అంటాడు. మధ్యాహ్నం దాటగానే లేచి, టెంటు వెనక సందులోంచి ఎవరి కంటా పడకుండా ఫ్యాన్ హౌసుకు నడుస్తాడు. తప్పు చేయడం లేదని తెలుసు. అయినా ఆ సందులో అడుగులు దొంగడుగులే పడేవి.

ఎవరి కంటా పడలేదని అతను అనుకోవడమే. ముందు వరుసలో కూర్చునే ముత్తమ్మ కంట పడకుండా టెంటులోంచి పిల్లి కూడా పోలేదు. ఆమె మొగుడు అదే బాయిలో పనిచేసి కాలం చేశాడు. సమ్మె మొదలైన నాటి నుంచి ఆమె టెంటు దాటి ఇంట్లో పగలు గడిపింది లేదు.

"ఏం దస్తగిరీ, పగటీలి దాంక సమ్మె, పగటీల్నించి డ్యూటీనా? నీకు తెలంగాణ సగమే కావాల్నా ఏంది?" అని ఒకరోజు గట్టిగా అడిగేసింది.

టెంటంతా నవ్వింది. దస్తగిరి కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, ఇప్పుడు లేచి పోవాలా, ఇంకాసేపు కూర్చోవాలా తెలియక అక్కడే నిలబడిపోయాడు.

ఆ టెంటు క్యాంపులో రోజుకొక సెక్షన్ వంతున రిలే దీక్షకు కూర్చునేది. ఎలక్ట్రికల్ సెక్షన్ వంతు దగ్గర పడినప్పుడు, ఆ సెక్షన్ పనులన్నీ నెత్తిన వేసుకున్న లక్ష్మీకాంత్ అనే కుర్ర ఫిట్టరు దస్తగిరి ఇంటికి వచ్చాడు. వచ్చింది దస్తగిరి కోసం కాదు, అతని ట్యాంకు కోసం.

ఆ బొమ్మ యుద్ధ ట్యాంకు మరిపెడలో ఉండే బామ్మర్ది తౌఫీక్ సౌదీ నుంచి తెచ్చింది. మూరెడు పొడుగు, రిమోటు నొక్కితే గొలుసుల మీద గరగరమంటూ నడుస్తుంది, తుపాకీ గొట్టం అటూ ఇటూ తిప్పుతుంది. తెచ్చిన వారంలోనే దాని మోటారు కాలిపోయింది. బాగుచేసి ఇస్తానని తీసుకున్న దస్తగిరి బాగుచేశాడు గానీ ఇవ్వలేదు. సెలవు రోజున దాన్ని వాకిట్లో తిప్పుతుంటే భార్య హాజిరా బీ తల కొట్టుకునేది.

"అన్నా, మన రోజున రోడ్డు మీద బతుకమ్మ ఆడుతరు" అన్నాడు లక్ష్మీకాంత్. "అటునుంచి సర్కారు లెక్క నీ ట్యాంకు రావాలె. ఆడోళ్లు సప్పట్లు కొట్టుకుంట ముందట్కి రావాలె. ట్యాంకు ఎన్కకు మర్లాలె. పేపరోళ్లు గుడ వస్తరు. కాకపోతే ఒక్కటే. పొగ రావాలె. పొగ లేకుంటే గది బొమ్మ. పొగొస్తెనే ట్యాంకు."

"పొగనా? దాంట్ల పొగ లేదు తమ్మీ."

"నువ్వుండంగ లేదంటవేందన్నా! నువ్వు తెస్తే ముత్తవ్వ గుడ నోరు మూసుకుంటది."

ఆ చివరి మాట దస్తగిరికి బాగా ఎక్కింది. తెస్తానని మాటిచ్చాడు. లక్ష్మీకాంత్ వెళ్లాక గుమ్మంలోనే ఆగిపోయి, కాసేపు ఆలోచించి భార్యను అడిగాడు.

"గా ట్యాంకు అంటే సర్కారు కదా?"

"హా."

"నడిపేది నేను. అంటే నేను సర్కారోన్నా?"

హాజిరా బీ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "క్యా జీ, పొగ పుట్టకుండ చూసే నౌకరి నీది. ఇంటికొచ్చి పొగ పుట్టిస్తనంటున్నవ్. ముందు గది చెప్పు, తర్వాత సర్కారు సంగతి చూద్దాం."

దస్తగిరి పోయి సామాను డబ్బా దించాడు.

పొగ పుట్టించే ఉపాయం మాత్రం తెలుసు. నూనెలో తడిసిన వత్తి చుట్టూ సన్నటి తీగ చుట్టి, తీగను వేడెక్కిస్తే నూనె మండకుండా పొగ అవుతుంది. దాన్ని చిన్న ఫ్యాను ఊదితే గొట్టంలోంచి బయటికి వస్తుంది. పాత ఇస్త్రీపెట్టె విప్పి జానెడు కాయిల్ తీగ తీశాడు. కిరోసిన్ స్టవ్ వత్తి ఒకటి కత్తిరించాడు. మెడికల్ షాపులో పసిపిల్లలకు రాసే నూనె సీసా కొన్నాడు. కంప్యూటర్ లోపలి బుల్లి ఫ్యాను ఒకటి అతని సామాను డబ్బాలో ముందే ఉంది. మూలపడ్డ రేడియో ఏరియల్‌ను కోస్తే చక్కటి పొగగొట్టం వచ్చింది. ఇవన్నీ ఇమిడేలా పోపుల పెట్టెలోంచి ఒక స్టీలు డబ్బా ఎత్తుకొచ్చాడు. డబ్బాను ట్యాంకు వీపున బిగించి, ముందు దీపాలు వెలిగే తీగలు కోసి వాటికి కలిపాడు. ఇక రిమోటులో దీపం బటన్ నొక్కితే పొగ రావాలి. రిమోటు కట్టేస్తే అన్నీ కలిసి ఆగిపోవాలి.

మూత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తన అలవాటు తాను పోనిచ్చింది. బాయి లోపల స్విచ్చులన్నీ మందపాటి ఇనుప డబ్బాల్లో ఉంటాయి. లోపల నిప్పురవ్వ లేచినా బయటి గ్యాసును తాకకూడదు. మూతకు ఎన్ని బోల్టులుంటే అన్నీ బిగాలి. అంచు సందు కొలిచే సన్నటి రేకు దూరినా ఆ డబ్బాకు కరెంటు ఇవ్వరాదు. ఇరవై ఏళ్లు ఆ డబ్బాలు మూసిన చెయ్యి పోపుల డబ్బానూ అలాగే మూసింది. మూత చుట్టూ బోల్టులు వేసింది. మధ్యన రబ్బరు ప్యాకింగు పెట్టింది. తీగలు దూరే చోట ఎంసీల్ ముద్ద మెత్తింది. అంతా అయ్యాక వేలితో అంచు తడిమి చూసుకుని, దస్తగిరి తృప్తి పడ్డాడు.

బటన్ నొక్కాడు. గొట్టం కొసన సన్నటి పోగు ఒకటి లేచి, ఊదుబత్తి పాటి కూడా కాకుండానే మాయమైంది. ఎంతసేపు చూసినా అంతే.

కాయిల్ వేడి చాలదేమోనని తీగ మార్చాడు. మళ్లీ అదే పోగు. నూనె చిక్కబడిందేమోనని కొబ్బరినూనె పోశాడు. ఇల్లంతా మాడు వాసన వచ్చింది గానీ పొగ రాలేదు. మళ్లీ పసిపిల్లల నూనెకే వచ్చాడు. బ్యాటరీ బలహీనమా అని చూద్దామంటే ఛార్జింగు పెట్టడానికి కరెంటు ఉండేది కాదు. బొగ్గు ఆగితే కరెంటు కోతలు పెరిగాయి. బొగ్గు ఆపిన వాళ్లలో తానూ ఒకడు. అప్పుడతను ఎవరిని తిట్టుకోవాలో తెలియక ఊరుకున్నాడు. కరెంటు వచ్చాక ఛార్జి చేసి చూశాడు. చెవి పెట్టి వింటే డబ్బాలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. చెయ్యి పెడితే డబ్బా కాలుతోంది. నూనె ఉంది, నిప్పు ఉంది, గాలి కొట్టేది ఉంది. పొగ ఎందుకు లేదు? బాయిలో ఏ స్విచ్చు ఎందుకు పడిపోయిందో శబ్దాన్ని బట్టి చెప్పగల మనిషి, పోపుల డబ్బా ముందు బాసింపట్టు వేసుకుని దిక్కులు చూశాడు.

"మూత సరిగ పడ్డదో లేదో చూసినవా?" అంది హాజిరా బీ.

"చూసిన. చీమ గుడ దూరది."

వంతు రానే వచ్చింది. టెంటు ముందు రోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. వంటావార్పు. ఒక గుండిగలో కిచిడీ ఉడుకుతోంది. ఆడవాళ్లు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను టెంటు నీడలో ఉంచారు. దస్తగిరి ట్యాంకును సంచిలోంచి తీసి నేల మీద పెడితే జనం చుట్టూ మూగారు.

"ఏదీ, ఒక్కపారి తోలు" అంది ముత్తమ్మ.

తోలాడు. ట్యాంకు గరగరమంటూ నడిచింది. పొగ లేదు. అతను దీపం బటన్‌ను వేలు నొప్పెట్టేలా నొక్కాడు.

"గిదేంది, సర్కారు గుడ సమ్మెల ఉన్నదా?" అందామె. "లేకుంటే నీ లెక్కనే సగం డ్యూటీనా?"

ఈసారి నవ్వు రోడ్డు అవతలి హోటలు దాకా వినిపించింది. దస్తగిరి ట్యాంకును చంకన పెట్టుకుని టెంటు వెనక్కి పోయాడు. బోల్టులన్నీ విప్పి మూత తీశాడు. కాయిల్ తెగలేదు. వత్తి తడిగా ఉంది. వేలితో తిప్పితే ఫ్యాను తిరిగింది. తప్పు ఎక్కడా లేదు. తప్పు లేకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"అన్నా, బతుకమ్మలు లేపుతున్నరు! పేపరోళ్లు వచ్చిండ్రు, ఉరుకు!" లక్ష్మీకాంత్ భుజం పట్టి లాగాడు.

"బోల్టులు పెట్టాలె, ఆగు."

"ఏ బోల్టులే! గిది బాయి గాదన్నా!"

రెండంటే రెండు బోల్టులు, అవి కూడా వేలితో తిప్పి, దస్తగిరి లేచాడు. ఉద్యోగంలో చేరాక అలాంటి పని చేసి ఎరగడు. పొగ ఎలాగూ రాదు, కనీసం నడిపించి పరువు దక్కించుకుందాం అనుకుని, ట్యాంకును రోడ్డు మీద వదిలి టెంటు గుంజ చాటుకు పోయి నిలబడ్డాడు.

ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. అవతలి నుంచి ట్యాంకు బయలుదేరింది. అతను బటన్ నొక్కాడు. రోడ్డు గతుకులకు మూత కటకటలాడి ఒక పక్కకు లేచింది. గొట్టంలోంచి తెల్లటి పొగ తన్నుకొచ్చింది. సన్నటి పోగు కాదు. మూరెడు ట్యాంకును మింగి, బారెడు ఎత్తు లేచిన పొగ. మూత సందులోంచి కూడా కమ్ముకుంటోంది.

జనం హోయని అరిచారు. బతుకమ్మల ముందున్న ముత్తమ్మ రెండు చేతులూ చాపి ట్యాంకుకు ఎదురు వచ్చింది.

దస్తగిరి కళ్లకు రోడ్డు కనపడలేదు, జనం కనపడలేదు. స్విచ్చు డబ్బాలోంచి పొగ లేవడం ఒక్కటే కనపడింది. బాయిలో ఆ దృశ్యం కనబడితే ఎలక్ట్రీషియన్ చేసేది ఒక్కటే. ఆలోచన పుట్టకముందే బొటనవేలు పోయి రిమోటును కట్టేసింది. ట్యాంకు ముత్తమ్మ కాళ్ల ముందు చప్పున ఆగిపోయింది. తుపాకీ గొట్టం కూడా సగం తిరిగి అలాగే ఉండిపోయింది. మిగిలిన పొగ గాలికి మెల్లగా పలచబడింది.

"ఆగింది! ఆగింది!" కేకలు, ఈలలు. కెమెరాలు ముత్తమ్మ చుట్టూ చేరాయి. వెనక్కి మర్లాలన్న సంగతి లక్ష్మీకాంత్‌కే గుర్తులేదు. పరుగున వచ్చి దస్తగిరిని వాటేసుకున్నాడు. "ఏం ఆపినవన్నా! మర్లుడు కన్న గిదే బాగున్నది! నువ్వే అనుకున్నవా గిట్ల?"

దస్తగిరి రిమోటు వంక, తన బొటనవేలి వంక చూశాడు. ఆపింది తానే. ఆపాలని అనుకున్నది తాను కాదు. అది ఎలా చెప్పాలి?

దస్తగిరిలాగే డ్యూటీ చేసే పంపు ఆపరేటర్ హీర్యా ట్యాంకును ఎత్తి తెచ్చాడు. డబ్బా మూత అటూ ఇటూ తిప్పి చూసి, బోల్టు రంధ్రాలు వేలితో లెక్కపెట్టి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"భాయ్! ప్యాకింగు గుడ పెట్టినవా దీనికి? బాయిల డబ్బా కట్టినట్టు కట్టినవ్ కదనే! లోపటికి గాలి రాకుంటే ఫ్యాను ఏం ఊదుతది, దాని నెత్తా? ఇయ్యాల మూత సరిగ పెట్టలే, గందుకే వచ్చింది పొగ."

దస్తగిరి డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. హీర్యా చెప్పింది నిజమని క్షణంలో తెలిసిపోయింది. అన్ని రోజులు కుదురుగా చేసిన పని చెడింది. ఒక్క పూట వదులుగా చేస్తే కుదిరింది. దీనిలోంచి ఏం నేర్చుకోవాలో మాత్రం ఎంతకీ అర్థం కాలేదు.

"తే, డ్రిల్లు పెట్టి ఒక బొక్క కొడత. రేపు ఘన్‌పూర్ స్టేషన్ క్యాంపోళ్లు అడుగుతున్నరు" అన్నాడు లక్ష్మీకాంత్.

దస్తగిరి డబ్బాను వెనక్కి లాక్కున్నాడు. "నేనే కొడత" అన్నాడు. కొట్టగలడో లేదో అతనికే నమ్మకం లేదు.

అప్పటికి డ్యూటీ వేళ దగ్గర పడింది. ఎప్పటిలా వెనక సందులోకి జారుకుందామంటే ఆ రోజు ఎటు తిరిగినా ఎవరో ఒకరు చెయ్యి కలుపుతున్నారు. పోకపోతే ఫ్యాన్ హౌసులో పొద్దుటి డ్యూటీలో ఉన్నవాడిని ఎవరు దింపుతారు? పోతే వీళ్లు ఏమనుకుంటారు? ట్యాంకును సంచిలో పెడుతూ, తీస్తూ, మళ్లీ పెడుతూ ఆలస్యం చేశాడు.

"ఏ దస్తగిరీ, డ్యూటీ యాళ్లయితలేదా?" గుండిగ దగ్గరి నుంచి ముత్తమ్మ కేకేసింది. అందరూ విన్నారు. కెమెరాల వాళ్లు కూడా విన్నారు.

దాచే దారి లేదు. "అయితున్నదవ్వా" అన్నాడు.

"మరి ఉత్త కడుపుతోటి పోతవా? రా, తిని పో."

ఆమె విస్తరాకులో కిచిడీ వడ్డించి చేతికిచ్చింది. పక్కన పెట్టుకునేందుకు పచ్చడి వేసింది. అతను వంటావార్పు పొయ్యి పక్కన నిలబడే తిన్నాడు. సమ్మె మనిషిగా తింటున్నాడో, డ్యూటీ మనిషిగా తింటున్నాడో అతనికి తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరూ అడగలేదు. చెయ్యి కడుక్కుని, సంచి హీర్యాకు అప్పగించి, టెంటు ముందు నుంచే, నడిరోడ్డు మీదుగా ఫ్యాన్ హౌసు వైపు నడిచాడు.