గాజుల ఖాలా పట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇంట్లో కూర మాడిందంటే గల్లీ చివరిదాకా నేనే చెప్పొచ్చేదాన్ని. మా అమ్మకు నాతో అదో తలనొప్పి. అలాంటి నేను ఒక మాటను ఐదు రోజులు కడుపులో దాచుకున్నాను. ఆ ఐదు రోజులూ అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు, కాళ్ళు నేలమీద నిలవలేదు. నిలుస్తాయా మరి! నేను బొంబాయి పోతున్నాను.

అప్పుడు నాకు పదేళ్ళు. పోలీసు చర్య జరిగి రెండు నెలలు కాలేదు. మా గల్లీ సికింద్రాబాద్ స్టేషనుకు ఎంత దగ్గరంటే, కూత వినగానే ఏ బండి వచ్చిందో పిల్లలం పందెం వేసి చెప్పేవాళ్ళం. జిల్లాల నుంచి మూటాముల్లెతో జనం దిగుతున్నారు. రోడ్డుమీద సిపాయిల లారీలు. పెద్దవాళ్ళ మొహాల్లో నెత్తురుచుక్క లేదు. బడి మాత్రం మూసేశారు కాబట్టి మాకు పండగే. మేము ఎక్కడున్నామో, ఎవరితో ఉన్నామో పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.

ఆ రోజుల్లోనే ఎదురింటి గదిలో ఒకావిడ అద్దెకు దిగింది. మాది అల్వాల్ అని చెప్పుకుంది. నలగని చీర, నోరు తెరిస్తే తేనె. మా అమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది, నాకు జడ వేసేది. ఒకరోజు జడ అల్లుతూ నా చెవిలో చెప్పింది. బొంబాయిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే పెద్ద బంగళా ఉందట. కిటికీ తీస్తే సముద్రమేనట. బుధవారం మధ్యాహ్నం బండికి నన్ను తీసుకుపోతుందట. ఇంట్లో చెబితే వద్దంటారు కాబట్టి ఎవ్వరికీ చెప్పకూడదట. హుస్సేన్‌సాగర్‌కన్నా పెద్ద నీళ్ళు ఎరగని పిల్లకు ఇంతకన్నా ఏం కావాలి?

బుధవారం పొద్దున్నే నేను గల్లీ మలుపులో ఉన్న గాజుల ఖాలా ఇంటికి పరుగెత్తాను. బోసి చేతులతో పోతే బొంబాయి పిల్లలు నవ్వుతారని నా బెంగ. పిల్లలమంతా పిన్నమ్మ అన్నట్టుగా ఖాలా అని పిలిచే ఆమె గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేది. సికింద్రాబాద్ నుంచి అల్వాల్ దాకా ఆమె పట్టని ఆడవాళ్ళ చెయ్యి లేదు. వెనక గదిలో మా పక్కింటి అక్క గాజుల్ని సైజులవారీగా ఏరుతోంది. ఆ అక్క నాలుగేళ్ళ కిందట కనబడకుండా పోయి, ఆ మధ్యే తిరిగొచ్చింది. ఎక్కడికి పోయిందో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆ పిల్లతో మాట్లాడావంటే కాళ్ళిరగ్గొడతానని మా అమ్మ నాకు గట్టిగా చెప్పింది. గల్లీ మొత్తంలో అక్కను పిలిచి పని ఇచ్చింది ఖాలా ఒక్కతే.

ఖాలా నా చెయ్యి తీసుకుని బొటనవేలి మొదలు మెత్తగా నొక్కుతూ అడిగింది. "ఏం బిడ్డా, పండుగ లేదు పబ్బం లేదు, గాజులెందుకే?" అంతే, మొత్తం కక్కేశాను. సముద్రం, బంగళా, మధ్యాహ్నం బండి, అన్నీ. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఇప్పుడు వీపు విమానం మోతే అనుకున్నాను. ఖాలా తిట్టలేదు. కళ్ళు కూడా పెద్దవి చెయ్యలేదు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది. ఇంటికి పోయి, తాను వచ్చేదాకా అమ్మ కొంగు వదలొద్దంది. వెనక గదిలో గాజుల చప్పుడు ఆగిపోవడం నాకు తెలిసింది.

మధ్యాహ్నం ఎదురింటావిడ ఊరెళ్తున్నానని చెప్పడానికి మా అరుగు దగ్గరికి వచ్చేసరికి ఖాలా మలారం విప్పుకుని కూర్చుని ఉంది. చుట్టూ గల్లీ ఆడవాళ్ళు. "ఊరికి పోతున్నవట, ఉత్త చేతులతోని పోతరా?" అంటూ ఆవిడ చెయ్యి లాగి పట్టుకుంది. రెండు సైజులు చిన్న గాజు ఏరి మరీ ఎక్కించింది. అది కణుపుల దగ్గర ఇరుక్కుంది. ఇక ముందుకూ పోదు, వెనక్కూ రాదు. తొడిగే గాజు చేతిమీద పగిలితే అపశకునమని ఆ రోజుల్లో ఎంత గట్టి మనిషైనా చెయ్యి కదిపేది కాదు.

ఖాలా తీరుబడిగా నొక్కుతూ అడిగింది. అల్వాల్‌లో ఏ గల్లీ? పక్కింట్లో ఎవరు? ఆవిడ బండికి వేళైందంది. అప్పుడు ఖాలా మా అమ్మవైపు తిరిగి, నీ బిడ్డను బొంబాయి తోలుకపోతున్నదంట, ఎరుకేనా అంది. అమ్మ బిత్తరపోయింది. ఆవిడ మాత్రం ఫక్కున నవ్వింది. "పిల్లముండ కథలల్లింది, దాని నోరు మీకు తెల్వదా?" అంది. నా నోరు గల్లీ మొత్తానికీ తెలుసు కదా! అమ్మ నా మీద చెయ్యెత్తింది.

"కొట్టకు చిన్నమ్మా!" అన్న మాట వినబడింది. అందరం తిరిగి చూశాం. తిరిగొచ్చాక ఒక్కనాడూ నలుగురిలోకి రాని పక్కింటి అక్క మా అరుగు ముందు నిలబడి ఉంది.

"అది అబద్దం చెప్తలేదు. నాకు సుత గిట్లనే చెప్పిన్రు. ఎవ్వలకు చెప్పొద్దన్నరు. మూట ముందే కట్టి కట్టెల ఎనుక దాచిపెట్టుమంటరు. మీ ఇంట్ల సుత చూడు."

మూట సంగతి నేను ఖాలాకు కూడా చెప్పలేదు. అమ్మ లోపలికి పరుగెత్తింది. నా రెండు గౌన్లు కట్టిన మూట పట్టుకుని బయటికి వచ్చింది. అమ్మ ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆవిడ ఒక్క గుంజు గుంజింది. గాజు ఫటుక్కున పగిలి ఖాలా అరచెయ్యి చీరుకుపోయింది. నెత్తురు కారుతున్నా ఖాలా పట్టు వదల్లేదు. అక్క వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది. చౌకీ నుంచి పోలీసులు వచ్చేదాకా ఇద్దరూ అలాగే పట్టుకుని కూర్చున్నారు. స్టేషనులో బొంబాయి బండి కూత వేసి వెళ్ళిపోయింది. నేను అమ్మ కొంగులో మొహం దాచుకుని విన్నాను.

అందరూ నీళ్ళు పట్టుకుపోయాకే కుళాయి దగ్గరికి రావడం అలవాటైన అక్కను, మర్నాడు మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళి పిలుచుకొచ్చింది. తన బిందె పక్కకు జరిపి, ముందు నువ్వు పట్టుకో బిడ్డా అంది. మిగతావాళ్ళు కాసేపు గొణిగారు. మా అమ్మ వాళ్ళను చూసిన చూపుకు ఆ గొణుగుడూ ఆగిపోయింది.

నన్నెందుకు తిట్టలేదని చేతికి కట్టు కట్టుకున్న ఖాలాను అడిగాను. "తిడితే నీ నోరు మూతపడ్తది బిడ్డా. ఆళ్ళకు కావాల్సింది గదే" అంది. పక్కనే గాజులేరుతున్న అక్క తలెత్తకుండా అంది. "పోకముందు నన్ను ఎవ్వలు అడగలే. వచ్చినంక సుత ఎవ్వలు అడగలే. తిట్టిన్రు, గంతే."

నాకిప్పుడు ఎనభై దాటాయి. చాలా మరిచిపోతున్నాను గానీ ఆ ఇద్దరి మాటలు మాత్రం మరిచిపోలేదు. మొన్న పై అంతస్తు అమ్మాయి ఫోను వెనక్కి దాచుకుని మా గుమ్మంలో నిలబడింది. "అమ్మమ్మా, ఒకటి చెప్తా, తిట్టొద్దు. ఎవ్వరికీ చెప్పొద్దన్నరు" అంది. మొహం మామూలుగానే పెట్టుకుని, కుర్చీ లాగి, తిట్టను తల్లీ, కూర్చో అన్నాను. కూర్చుంది.