మూడో నెలలోనే తెరిచిన గది

ఎవరేం చెప్పినా వెంటనే నమ్మే రకం కాదు నేను. ఆరా తీస్తాను, అడ్డంగా వాదిస్తాను. చోడవరంలో నాకా పేరు బాగానే ఉంది. ఒట్లు వెయ్యను... ఒట్టేసేవాళ్ళే ఎక్కువ అబద్ధాలాడతారు. ఇది నా చెవులతో విన్నది. అంతే.

తొంభైల్లో మాట. మాది రెండు గదుల ఇల్లు. ముందు హాలు, రోడ్డు మీదికి. వెనక గది మా అత్తగారిది. ఆవిడ ఆ గదిలోనే పోయారు... ధనిష్ఠా నక్షత్రంలో. ఆ నక్షత్రంలో పోతే దోషమట. ఆర్నెల్లు గది మూసెయ్యాలట. పురోహితుడు చెప్పాడు, మావాళ్ళు తాళం వేశారు.

నేనూ మా ఆయనా హాల్లో పడ్డాం. అది చెరకు సీజను. రాత్రంతా ఫ్యాక్టరీకి పోయే బళ్ళు, ట్రాక్టర్లు మా గుమ్మం ముందు నుంచే. ఆయనకి కంటి మీద కునుకు లేదు. మూడో నెలలో ఒకరోజు ఆఫీసులో కుర్చీలోంచి పడిపోయారు. డాక్టరు బీపీ చూసి నన్ను పక్కకి పిలిచాడు. "మందులు సగం పనే చేస్తాయమ్మా. ముందు నిద్ర పట్టేలా చూడండి. ఇంకోసారి పడితే నేనేం చెప్పలేను."

ఆ సాయంత్రమే తాళం తీశాను.

సంగతి తెలిసి మాడుగుల నుంచి మా వదిన, అంటే ఆయన అక్కగారు, బస్సెక్కి వచ్చేసింది.

"ఒసే రాజ్యం, ఆర్నెల్లూ ఆగలేవేటే? అమ్మ పోయిన గదది."

"నేను ఆగుతాను వదినా. మీ తమ్ముడి బీపీ ఆగుతుందేమో మీరే అడగండి."

"బియ్యే సదివేవని సచ్చినోళ్ళు కూడా నీకు బయపడతారేటి?"

"బతికున్నవాళ్ళే భయపడట్లేదు. పోయినవాళ్ళకేం పని?"

మా ఆయన గోడకి చేరబడి కూర్చున్నారు. "నన్నెక్కడో ఒకచోట పడుకోనివ్వండే..." అన్నారు. ఆ గొంతు విన్నాక వదిన తిరుగు బస్సుకి లేచింది.

మూడు రోజులు ఆ గదితో కుస్తీ పట్టాను. ఫినాయిలుతో కడిగాను. సున్నంలో కొంచెం నీలిమందు కలిపి వేయించాను, కంటికి చల్లగా ఉంటుందని. పరుపులో దూది ఏకించి కొత్త గలీబు కుట్టించాను. టిక్కుటిక్కుమనే గడియారం తీసి హాల్లో పెట్టాను. కిర్రుమనే ఫ్యానుకి నూనె వేయించాను. కిటికీ సందుల్లో పాత పేపర్లు కుక్కి, మందపాటి ఆకుపచ్చ తెర వేలాడదీశాను. ఆఖరికి జీరో బల్బు కూడా తీసేశాను. చీకటి... నిశ్శబ్దం. ఎలాంటి మనిషికైనా నిద్ర రావాల్సిందే.

వచ్చింది కూడా. ఆయన పడుకున్న పది నిమిషాలకే గాఢంగా ఊపిరి తీస్తున్నారు. గెలిచాననుకున్నాను.

ఎంతసేపయిందో తెలీదు.

"ఊఁ."

ఆయనే. కలవరింతలే అనుకున్నాను.

కొంచెంసేపు ఆగి... "ఊఁ."

ఇంకా కొంచెంసేపు... "ఊఁ."

ఒకసారి తొందరగా. ఒకసారి బాగా ఆగి. మధ్యలో చిన్నగా నవ్వారు. కథ వింటూ పిల్లలు ఊ కొడతారే... అచ్చం అలాగ. చిన్నప్పుడు తల్లి కథ చెబితేగాని నిద్రపోయేవారు కాదట.

చెప్పేవాళ్ళ గొంతు కోసం చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఆ గదిలో చప్పుడన్నది లేకుండా చేసింది నేనే కదా... ఇప్పుడు ఒక్క ట్రాక్టరు వెళ్ళినా బాగుండుననిపించింది.

ఆయన్ని లేపుదామని చెయ్యి చాపాను. దిండు మీద తల లేదు. తడుముకుంటూ పోతే... మంచం అంచుకి జరిగి, బయటికి వంగి ఉన్నారు. కింద నేల మీద ఎవరో కూర్చుని చెబుతుంటే వినడానికి వంగినట్టు.

భుజం కుదిపాను. లేవలేదు.

"వస్తానమ్మా..." అన్నారు. "ఉండు."

భయపడ్డానా అంటే, పడ్డాను. కానీ నోరు ఊరుకుంటుందా. ఆవిడ బతికున్నన్నాళ్ళూ రోజూ వాదించిన నోరు.

"అత్తయ్యగారూ" అన్నాను, చీకట్లోకి. "గది మీదే. తెల్లారగానే తాళం వేసేస్తాను. మనిషిని మాత్రం ఇవ్వను. ఆయనకి నిద్ర కావాలి, అంతే. ఇంకేం కావాలన్నా నాతో మాట్లాడండి."

నిశ్శబ్దం.

చాలాసేపు... ఊపిరి కూడా వినపడనంత నిశ్శబ్దం.

"ఊఁ."

ఆయన కాదు.

ఆ గొంతు నాది. నా నోట్లోంచే వచ్చింది. నాకేమీ వినపడలేదు, మీరు నమ్మండి. కానీ ఎదుటివాళ్ళు ఏదో అడగడం ముగించాక అన్నట్టు... నేను ఊఁ అన్నాను. పక్కనే ఆయన వెనక్కి జరిగి, దిండు మీద తల పెట్టుకుని, గురక మొదలుపెట్టారు.

తెల్లారి ఎండ గుమ్మంలోకి వచ్చాక లేచారు. మొహంలో మూడు నెలలుగా లేని కళ.

"ఎన్నాళ్ళకి నిద్రపోయేనే రాజ్యం. గది బలే కుదిర్చేవు."

"కలలేమైనా వచ్చాయా?"

"కలేటి? ఒళ్ళు తెలిస్తే కదా."

తాళంకప్ప నా చేతిలోనే ఉంది. వేస్తే ఆయనకి నిద్ర ఉండదు. వెయ్యకపోతే మాట తప్పినట్టు. చాలాసేపు అలాగే నిలబడ్డాను... వెయ్యలేదు. ఆ రాత్రీ ఆయన అక్కడే పడుకున్నారు. నేను హాల్లో కూర్చుని తెల్లవార్లూ విన్నాను. గురక తప్ప ఇంకేమీ లేదు.

మళ్ళీ ఎప్పుడూ ఆయన పడిపోలేదు. బీపీ దారికొచ్చింది. ఇప్పటికీ ఆ గదిలోనే హాయిగా నిద్రపోతున్నారు. అదంతా నీ అలసటే అంటారా? అనండి. పగటిపూట నేనూ అదే అంటాను. కానీ ఆ రాత్రి ఆవిడ నన్నేదో అడిగారు. ఆయన్ని వదిలేసినందుకు బదులుగా... నేను దేనికి ఊఁ అన్నానో, అది మాత్రం నాకింకా తెలీదు.