పింగ్ పిన్ని రాసిన దారులు

మంచాలూ బీరువాలూ సోఫాలూ చేయించి అమ్మే ఆ కంపెనీలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఆవిడ అక్క కూతురు అకౌంట్స్‌లో చేరిన రోజే, అందరూ భోజనాలు చేస్తుండగా, "పిన్నీ, నీ డబ్బాలో కూరేంటి?" అని హాలు ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసింది. అంతే, మర్నాటి నుంచి గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకొని తండ్రి వయసున్న యజమాని దాకా అందరికీ ఆవిడ పిన్నే. యజమాని మర్యాదస్తుడు కనక చివర ‘గారూ’ తగిలించేవాడు.

ముందున్న ‘పింగ్’ మాత్రం ఆవిడ సొంతంగా సంపాదించుకున్నది. దూరాన ఉన్న కంప్యూటరును ‘ఉన్నావా?’ అని పిలిచి, ‘ఉన్నా’ అన్న జవాబు కోసం కాచుకోవడాన్ని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఆవిడ పనిలో పింగ్ అంటారు. పింగ్‌కు జవాబు రానిదే ఆవిడ దేన్నీ నమ్మదు. ఎవరైనా "మెయిలు పంపేశాను పిన్నీ" అంటే, "పంపితే సరా? చేరిందా? చేరినట్టు వాళ్లు చెప్పారా?" అని ప్రాణం తీస్తుంది. ఇంట్లోనూ అదే వరస. స్నానాల గదిలోకి వెళ్లిన మొగుణ్ణి "ఏవండీ, ఉన్నారా?" అని పిలుస్తుంది. బడిలో డ్రాయింగు మేష్టారైన ఆయన సబ్బు మొహంతోనే "ఉన్నానే తల్లీ, ఇందులోంచి ఎక్కడికి పోతాను?" అంటాడు. ఆ జవాబు ఆలస్యమైతే తలుపు మోగుతుంది.

కంపెనీకి మూడు చోట్లున్నాయి. మెయిన్ ఆఫీసు, బజారులో షోరూము, ఊరి చివర గోడౌను. మూడింట్లోనూ ఒక్కో రూటరు, అంటే వచ్చిన సమాచారాన్ని ఎటు తోలాలో చూసే పెట్టె. ఫలానా చోటికి పోవాలంటే ఫలానా వైపు తిరుగు అని ప్రతి పెట్టెలోనూ పిన్ని తన చేత్తో రాసి పెట్టింది. ఇలా మనిషి రాసి పెట్టే దారుల్ని స్టాటిక్ రూటింగు అంటారు. రూటర్లు తమలో తాము కబుర్లాడుకుని దారులు కనుక్కునే డైనమిక్ రూటింగు అనేది ఒకటుందని ఆవిడకు తెలియక కాదు. చదివింది, పరీక్ష కూడా పాసయింది. గిట్టదు, అంతే.

"మా బావమరిది ఆఫీసులో పెట్టెలు వాటంతటవే మాట్లాడుకుంటాయట పిన్నీ" అన్నాడోసారి గోడౌను మేనేజరు. ఆయన ప్రపంచ జ్ఞానమంతా బావమరిది నోట్లోంచి వచ్చిందే.

"మీరూ షోరూము వాళ్లూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారుగా. ఏం ఒరిగింది? సోఫా అడిగినవాళ్లకి బీరువా పోతోంది. నా పెట్టెలు కబుర్లాడక్కర్లేదు, నేను చెప్పింది వింటే చాలు."

అయినా ఆ బావమరిది పుణ్యమా అని గోడౌనుకూ షోరూముకూ మధ్య నేరుగా ఒక వైరు పడింది. దాని మీదుగా దారులు రాయడాన్ని పిన్ని ఈ వారం, వచ్చే వారం అంటూ జరుపుకుంటూ వచ్చింది. ఉన్న దారి బాగానే ఉండగా తొందరేమొచ్చింది?

తొందర పలుగూ పారా పట్టుకొచ్చింది. ఒక పొద్దున మెయిన్ ఆఫీసుకూ షోరూముకూ మధ్య రోడ్డు తవ్వుతూ ఎవరో వైరు తెంపేశారు. షోరూములో కంప్యూటరు తెర పొద్దుటి లెక్క దగ్గరే బిగుసుకుపోయింది. గోధుమరంగు సోఫా ఒకటి ఉందంటోంది. అక్కడ మెయిన్ ఆఫీసులో ఆ సోఫాను ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు కొనేసి, తీసుకెళ్లడానికి షోరూముకు బయల్దేరారు. ఇక్కడ షోరూములో అదే సోఫాను చేత్తో రాసిన బిల్లు మీద ఒక పళ్ల డాక్టరు కొనేశాడు.

పిన్ని ఆటో దిగి షోరూములో అడుగు పెట్టేసరికి రెండు కుటుంబాలూ ఆ సోఫా మీదే కూర్చుని ఉన్నాయి. ఈ కొసన హెడ్మాస్టరూ భార్యా. ఆ కొసన డాక్టరూ భార్యా. మధ్యలో డాక్టరుగారి అమ్మ, కళ్లు మూసుకుని. లేస్తే సోఫా పోతుందని ఎవరూ లేవడం లేదు.

"మేం బిల్లు కట్టాం" అన్నాడు డాక్టరు.

"మేమూ కట్టాం. పైగా మీకంటే ముందు" అన్నారు హెడ్మాస్టరు, క్లాసులో అల్లరి పిల్లాణ్ణి చూసినట్టు చూస్తూ.

పిన్ని గబగబా రూటరు దగ్గరికి పోయింది. పచ్చలైటు నిక్షేపంలా వెలుగుతోంది. తెగింది రోడ్డు కింద. ఈ పెట్టె వైరు మాత్రం టెలిఫోను వాళ్ల పెట్టెలోకి చక్కగా దిగి ఉంది. అందుకే దీనికి చీమ కుట్టినట్టయినా లేదు. పిన్ని రాసిన దారి పట్టుకుని, వచ్చిందల్లా ఆ గోతిలో పోస్తోంది.

ఆవిడ ల్యాప్‌టాప్ తగిలించి, సరుకు లెక్కంతా ఉండే గోడౌనుకు పోవాలంటే కొత్త వైరు మీదుగా పో అని రాసింది. పింగ్ కొట్టింది. జవాబు లేదు. తప్పు రాశానేమోనని చెరిపి మళ్లీ రాసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక నుంచి "ఏమ్మా, ఇంకా ఎంతసేపు? మా ఆవిడకి కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నారు హెడ్మాస్టరు.

"తిమ్మిరెక్కితే లేవమనండి" అంది డాక్టరు భార్య ఆశగా.

పిన్ని గోడౌనుకు ఫోను చేసింది. "ఏమైనా వస్తోందా అక్కడికి?"

"రాకేం పిన్నీ! ఆ కొత్త వైరు దగ్గర లైటు తెగ కొట్టుకుంటోంది" అన్నాడు మేనేజరు.

"వస్తే మరి జవాబు చెప్పాలిగా మీ పెట్టె?"

"చెప్తూనే ఉండుంటుంది. ఎటు చెప్తోందో ఎవరికి తెలుసు?"

పిన్ని నాలిక్కరుచుకుంది. గోడౌను రూటరులో కూడా తను రాసినదే ఉంది మరి: షోరూముకు ఏం పంపాలన్నా మెయిన్ ఆఫీసు మీదుగా పంపు అని. అది బుద్ధిగా జవాబులన్నీ అటే పంపుతోంది, అవి అటు నుంచి వచ్చి అదే గోతిలో పడుతున్నాయి. చేరిందా చేరిందా అని ఊరందరినీ కాల్చుకుతినే మనిషి, రాసేటప్పుడు తిరుగు దారి సంగతే మరిచిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ చూడలేదు కదా అని ఒకసారి వెనక్కి చూస్తే, డాక్టరుగారి అమ్మ ఒక కన్ను తెరిచి చూస్తోంది.

కొత్త వైరు మీదుగానే గోడౌను రూటరులోకి ప్రవేశించి తిరుగు దారి రాసింది. ఈసారి పింగ్ కొట్టగానే జవాబులు టపటపా వచ్చి పడ్డాయి. తెర మీద సరుకు లెక్క కదిలింది. అదే సోఫా ఇంకొకటి గోడౌనులో ఉంది, వంకాయరంగుది. ఎవరూ కొనక మూల పడేసినది. ఫోటో చూపించగానే హెడ్మాస్టరు మొహం చిట్లించారు. ఆయన భార్య మాత్రం తటాలున లేచి నిలబడింది.

"నలభై ఏళ్లుగా మనింట్లో అన్నీ గోధుమరంగేనండీ. గోడలూ గోధుమే, మీ చొక్కాలూ గోధుమే. నాకిదే కావాలి" అంది. టీచరు లేవమన్న పిల్లాడిలా హెడ్మాస్టరు కూడా లేచారు.

సాయంత్రం యజమాని పిలిపించాడు.

"పిన్నిగారూ, దారి తెగిపోయిందని ఆ పెట్టెకి తెలీదా?"

"తెలీదండీ. నేను చెప్తేనే దానికి తెలిసేది."

"మరి మీకెలా తెలిసింది?"

"సోఫా దగ్గర గొడవవుతోందని ఫోనొస్తే తెలిసిందండీ."

యజమాని "ఇంకేదైనా పద్ధతి ఉంటే చూడండి" అన్నాడు మర్యాదగానే. ఆ మర్యాదకే పిన్నికి తల కొట్టేసినట్టయింది.

టెలిఫోను వాళ్లు తెగిన వైరు అతికించాక, వచ్చిన సెలవు రోజున మొగుణ్ణి తోడు తీసుకుని ఆఫీసుకు వెళ్లింది. ఆయన ఓ మూల కూర్చుని కిటికీ బొమ్మ గీసుకుంటుంటే, ఆవిడ మూడు రూటర్లలోనూ డైనమిక్ రూటింగు పెట్టింది. మెయిన్ ఆఫీసూ షోరూమూ వెంటనే ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. గోడౌను మాత్రం బిగదీసుకు కూర్చుంది.

"ఏమైందే?" అన్నాడు మేష్టారు.

"పక్కనే ఉండి పలకరించుకోవడం లేదండీ."

"ఏదో మాటా మాటా వచ్చుంటుంది."

మాట కాదు, అంకె. ఇరుగుపొరుగు రూటర్లు రెండూ తమ ఏరియా నంబరు, అంటే పేట నంబరు లాంటిది, ఒకటేనంటేనే కలుస్తాయి. ఆవిడ రెండింట్లో సున్నా అని రాసి, గోడౌనులో ఒకటి అని రాసింది. దిద్దగానే కలిసిపోయాయి. సంబరంగా దారుల పట్టిక తెరిచి చూస్తే, అందులో ఒక్క కొత్త దారీ లేదు! పాత దారులే బాసింపట్లు వేసుకుని కూర్చున్నాయి. ఎందుకైనా మంచిదని ఆవిడ వాటిని చెరపలేదు. పొరుగు పెట్టె చెప్పిన కబురు కన్నా మనిషి చేత్తో రాసిన దారికే రూటరు ఎక్కువ విలువిస్తుంది. తన మాటకు అంత విలువుందని పిన్నికి లోపల కాస్త గర్వం కలిగిన మాట నిజమే. కానీ పని జరగాలిగా. ఇన్నేళ్లుగా రాసినవన్నీ ఒక్కొక్కటే చెరిపింది. ఆఖరిదాని దగ్గర వేలు ఆగింది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఎదురుగానే ఉన్నానే" అన్నాడాయన, పెన్సిలు ఆపకుండా.

చెరిపేసింది. పట్టికలో కొత్త దారులు చకచకా వచ్చి కూర్చున్నాయి. ప్రతి చోటి నుంచీ ప్రతి చోటికీ పింగ్ కొట్టి, రానూ పోనూ చూసుకున్నాకే ఇంటికి బయల్దేరింది.

మర్నాడు యజమాని తనే పరీక్ష చేస్తానన్నాడు. షోరూములో బిల్లు కొడుతుండగా, మెయిన్ ఆఫీసులో పిన్ని చూపించిన వైరును గోడ దగ్గర పట్టుకుని లాగేశాడు. షోరూము తెర తడబడి ఆగింది. రూటర్లు కాసేపు పొరుగు పలకరింపు కోసం చూసి చూసి, ఇక లాభం లేదనుకుని, గోడౌను మీదుగా తిరిగాయి. బిల్లు బయటికొచ్చింది.

"ఏం జరగలేదే?" అన్నాడు యజమాని, నిరుత్సాహంగా.

"ఏం జరక్కపోవడమేనండీ జరగాల్సింది."

ఆయనకు తృప్తి కలగలేదు. ఇది కూడా చూద్దామని పక్కనున్న గోడౌను వైరూ పీకేశాడు. ఈసారి బోలెడు జరిగింది. అన్ని గదుల్లోంచీ ఒకేసారి "పిన్నీ!" అని కేకలు లేచాయి.

"ఉన్న రెండు దార్లూ మీరే మూసేస్తే అవి మాత్రం ఎటు పోతాయండీ?" అంది పిన్ని, ఆయన చేతుల్లోంచి వైర్లు మెల్లిగా లాక్కుంటూ.

అప్పటి నుంచి కంపెనీకి ఏ అతిథి వచ్చినా యజమాని ఆ గదికి తీసుకొచ్చి, "చూడండి, లాగినా ఏం కాదు" అని వైరు లాగి చూపించడం మొదలుపెట్టాడు. ఒకటి లాగితే ఏం కాదు నిజమే. ఆయన ఉత్సాహం ఒకదానితో ఆగితేగా. తల ప్రాణం తోకకొచ్చి, ఆ గదికి తాళం పెట్టించమని పిన్ని అడిగింది. మర్నాటికల్లా తాళం వచ్చింది. చెవి మాత్రం యజమాని జేబులో ఉంది.